పెరట్లో ఆరో మొక్క

మున్సిపాలిటీ వాళ్లు సుంకులమ్మను కరువును తట్టుకునే మొక్కగా నమోదు చేసుకున్నది మంగళవారం ఉదయం, ఆమె అంట్లు తోముతుండగా.

నిజానికి వాళ్లు వచ్చిన పని అది కాదు. నీళ్ల కొరత వల్ల ఆ ఊళ్లో ప్రతి పెరటినీ తనిఖీ చేస్తున్నారు. ఇన్‌స్పెక్టరు పక్కీరప్ప పద్ధతి గల మనిషి. కాగితంపూలు, కలబంద, గన్నేరు, బిళ్లగన్నేరు నాలుగింటినీ పాస్ చేశాడు. తేమ ఆరిపోకుండా మొదళ్లలో వేరుశనగ పొట్టు పరిచినందుకు మెచ్చుకున్నాడు కూడా. ఐదోదైన మల్లె దగ్గర ఆగిపోయాడు. నాలుగు రోజులు నీళ్లు లేకపోయేసరికి అది తల వేలాడేసింది.

"ఇది పీకేయాల," అన్నాడు.

సుంకులమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అంటు అది. బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచుకుంది. ఆ ఇంట్లో నాది అనుకోవడానికి ఆమెకు ఇంకేమీ లేదు.

"వేరే దావ ల్యాదా సార్?"

"ఉండాది. తట్టుకునే మొక్క ఇంకోటి చూపిస్తే దీన్ని ఉండనిస్తాం."

పెరట్లో జానెడు చోటు లేదు. పక్కీరప్ప నియమాల పుస్తకం తిరగేశాడు. మొక్క అంటే ఏమిటో అందులో ఎక్కడా రాసి లేదు. ఏమేం తట్టుకోవాలో మాత్రం వివరంగా ఉంది. అతను సుంకులమ్మను ఒకసారి ఎగాదిగా చూసి, ఆమె భర్త కుళ్లాయప్పను పిలిచాడు.

"ఈమె నీళ్లూ తిండీ అడుగుతాదా?"

"ల్యా సార్. మేమంతా తిన్నాక మిగిలింది తింటాది. మిగలకపోతే అదీ ల్యా," అన్నాడు కుళ్లాయప్ప గర్వంగా.

"చోటు మార్చినప్పుడు వాడిందా?"

"పెండ్లైన కొత్తలో రెండు దినాలు. మళ్లా నాటుకుపాయ."

వందకు తొంభై ఎనిమిది వచ్చాయి. కలబందకే తొంభై ఒకటి. సుంకులమ్మ చేతికి నంబరు బిళ్ల కట్టారు. మల్లె బతికిపోయింది, ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

సంరక్షణ నియమాలు గోడకు అంటించి వెళ్లారు. రోజుకు రెండు చెంబులకు తగ్గకుండా నీళ్లు ఇవ్వాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నీడలో ఉంచాలి, కదిలించరాదు. వారానికోసారి దగ్గరికి వెళ్లి ఎలా ఉందో చూడాలి. ఎండిపోతే బాధ్యత ఇంటి యజమానిదే.

కుళ్లాయప్ప భయపడి కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. చెంబు నిండా నీళ్లు తెచ్చిచ్చాడు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట సుంకులమ్మ కూర్చోవడం అదే మొదటిసారి. హాయిగా ఉంది.

గురువారానికల్లా ఆ వీధి ఆడవాళ్లు పదకొండు మంది ఫారాలు పట్టుకుని మున్సిపాలిటీ ముందు నిలబడ్డారు. ఒక్కరూ ఫెయిల్ కాలేదు.