బోనెక్కిన జమానతు

ఆ సోమవారం ప్రభుదాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చిలకలగూడలోని ఇంట్లో ఉప్మా తిని, పదిన్నరకల్లా కోర్టుకు చేరి, బామ్మర్ది కేసు పిలిచేదాకా వెనక బెంచీ మీద కూర్చుని, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. భార్య ప్రేమమణి అప్పటికే మటన్‌కు అల్లం వెల్లుల్లి పట్టించి మూత పెట్టింది.

"ఎవలేమడిగినా ఊకె 'అవ్ సార్, అవ్ సార్' అని తలూపకు. మా తమ్ముని బతుకు నీ చేతిల ఉన్నది," అంది ఆమె చొక్కా ఇస్తూ.

"నన్నెవలడుగుతరు? నేను ఉత్త జమానతునే కదా, బెయిలు కాయితం మీద సంతకం పెట్టినోణ్ణి," అన్నాడు ప్రభుదాస్.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. రైల్వే పార్శిల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పైబడి పనిచేసి రిటైరైన ప్రభుదాస్‌కు, ఖాకీ చొక్కా కనబడితే చాలు, నడుం దానంతట అదే వంగుతుంది. ఒకసారి ప్లాట్‌ఫారం మీద ఒక పోలీసు పొరపాటున "ఈ మూట నీదేనా?" అంటే కాదనలేక, ఎవరిదో ఉల్లిగడ్డల బస్తాను ఇంటిదాకా మోసుకొచ్చిన మనిషి.

బామ్మర్ది ఏసురత్నం కేటరింగ్ వంటవాడు. కిందటేడు ఒక పెళ్ళిలో బిర్యానీ వడ్డిస్తుండగా కరెంటు పోయింది. తమ బల్లకు లెగ్ పీసులు రాలేదని వంటల దగ్గరికి తగాదాకు వచ్చిన విజయేందర్ నెత్తిమీద ఆ చీకట్లో ఏదో బలంగా తగిలింది. కరెంటు వచ్చేసరికి విజయేందర్ కింద ఉన్నాడు, ఏసురత్నం చేతిలో పెద్ద గరిటె ఉంది. వంటవాడి చేతిలో గరిటె ఉండక ఇంకేముంటుందని ప్రేమమణి పోలీస్ స్టేషన్లో ఎంత వాదించినా వినేవాళ్ళు లేకపోయారు. నెత్తికి కుట్లు పడ్డాయి, కేసుకు హత్యాయత్నం అని పేరు పడింది. బెయిలు దొరికింది కానీ ఒక్క వాయిదా తప్పినా వారంటే. ఈ రోజు మేజిస్ట్రేటు కోర్టులో చార్జిషీటు కాపీలిచ్చి, కేసును పెద్ద కోర్టుకు పంపుతారు. ముద్దాయి ఎదుట ఉండి తీరాలి.

ముద్దాయి మాత్రం బేగంపేటలో ఒక ఆఫీసు ఫంక్షన్‌కు టిఫిన్లు పెట్టి, ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు.

"బావా, పరేషాన్ కాకు. ఆటోల ఉన్న, వస్తున్న," అన్నాడు ఫోన్లో.

ప్రభుదాస్ కోర్టు వరండాలోంచి లాయరు రజితకు ఫోన్ చేశాడు. ఆమె పై అంతస్తులో ఇంకో కేసులో ఉంది. "అంకుల్, పేరు పిలిస్తే మీరు లేచి 'ఉన్నాడు మేడం, వస్తున్నాడు' అనండి. అంతే. ఈలోగా నేను దిగొస్తా," అని గుసగుసగా చెప్పి పెట్టేసింది.

ప్రభుదాస్ ఆ మూడు మాటలూ లోపల వల్లె వేసుకుంటూ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. బంట్రోతు గుమ్మంలో నిలబడి "ఏసురత్నం! ఏసురత్నం! ఏసురత్నం!" అని కేక పెట్టగానే దిగ్గున లేచాడు. "ఉన్నాడు మేడం..." అనేదాకా గొంతు బాగానే పలికింది. "వస్తున్నాడు" అనే ముక్క మాత్రం నాలుక మీదే ఆగిపోయింది.

ఆ కోర్టుకు కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఆయన జబ్బ పట్టుకున్నాడు. "ఉన్నోనివి గింతసేపు ఏం జేస్తున్నవ్? నడువ్!"

"సార్, నేను..."

"మేడం ముంగట లొల్లి చేయకు. అడిగినదానికే జవాబు చెప్పాలె. సమజైందా?"

"అయింది సార్," అన్నాడు ప్రభుదాస్, అలవాటు కొద్దీ. అలా అంటూనే బోనెక్కాడు.

మేజిస్ట్రేటు తలెత్తకుండానే అడిగారు. "కాపీలు అందాయా?"

ఆమె మర్యాదకు ప్రభుదాస్ కదిలిపోయాడు. ఇంత పెద్ద మనిషి, ఇన్ని కేసుల మధ్య, తన గురించి అడుగుతున్నారు. "ఎందుకు మేడం తక్లీఫ్? నేను కాఫీ తాగ. పొద్దుగాలనే చాయ్ తాగి వచ్చిన."

కోర్టు హాలు గొల్లుమంది. మేజిస్ట్రేటు కళ్ళజోడు సర్దుకుని, ముందున్న కాగితాల్లోకీ బోనులోకీ రెండుమూడుసార్లు చూశారు. "ఇందులో నీ వయసు ముప్పై నాలుగని ఉందే?"

"అరవై దాటినయ్ మేడం."

"కేసుల పడితే మనిషి గిట్లనే అయితడు మేడం," అన్నాడు కానిస్టేబుల్ జాలిగా.

ఆమెకు ఎక్కడో అనుమానం తగిలింది. "ఫిర్యాదుదారు వచ్చాడా? ఇతనేనా, చూసి చెప్పమనండి."

విజయేందర్ ముందు వరసలోనే ఉన్నాడు. రాంగోపాల్‌పేట్‌లో కుళాయిలు, వాష్‌బేసిన్లు అమ్మే ఈ వ్యాపారి, తనను కొట్టినవాడి మొహాన్ని వెయ్యిమందిలోనైనా పట్టేస్తానని ఏడాదిగా కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. అసలు ఆ మొహాన్ని అతడు ఎన్నడూ సరిగ్గా చూసింది లేదు. కానీ బోనులో ఒక మనిషి ఉన్నాడు, అడుగుతున్నది మేజిస్ట్రేటు. ఇంకేం కావాలి?

"గీయనే మేడం! ఈ కండ్లను సచ్చేదాక మర్వ. ఎదురుంగ నిలబడి, 'ఇగో నీకు లెగ్ పీసు' అనుకుంట కొట్టిండు!"

స్టెనో టకటకా టైపు చేసింది. తనను ఉరితీస్తే మటన్ సంగతేమిటన్న ఆలోచన ప్రభుదాస్‌కు వచ్చి పోయింది.

సరిగ్గా అప్పుడు వంటింటి ఏప్రన్ కూడా విప్పకుండా ఒక మనిషి గుమ్మంలోంచి దూసుకొచ్చాడు. "మేడం, ఏసురత్నం నేను! మా బావను ఎందుకు నిలబెట్టిన్రు?"

"ఏందిరా, ఇంకొక ఏసురత్నమా?" అంటూ కానిస్టేబుల్ అతణ్ణి గుమ్మంలోనే ఒడిసిపట్టాడు.

రజిత మెట్లు దిగి పరుగున వచ్చి చూసేసరికి, బోనులో జమానతు ఉన్నాడు, ముద్దాయి పోలీసు చంకలో ఉన్నాడు.

"నువ్వెవరయ్యా?" అని అడిగారు మేజిస్ట్రేటు బోనులోని మనిషిని, ఈసారి గట్టిగా.

"జమానతు మేడం. పేరు ప్రభుదాస్."

"మరి బోనెందుకెక్కావు?"

"సార్ ఎక్కమన్నడు మేడం."

హాలంతా కానిస్టేబుల్ వైపు తిరిగింది. అతడు ఏసురత్నం చెయ్యి వదిలేసి టోపీ సర్దుకున్నాడు. మేజిస్ట్రేటు విజయేందర్‌ను చూశారు. "ఇప్పుడు చెప్పు. నిన్ను కొట్టింది ఎవరు?"

విజయేందర్ ఆయనను చూశాడు, ఈయనను చూశాడు. వెనక్కి తగ్గితే పరువు పోతుంది. "ఇద్దరు కలిసి కొట్టిన్రు మేడం!"

రజిత ముందుకొచ్చింది. "అంకుల్, ఆ పెళ్ళి రోజు సాయంత్రం మీరెక్కడున్నారు?"

"దవాఖానల బిడ్డా. పిత్తాశయంల రాళ్ళు తీసిన్రు గద. మొత్తం మత్తుల ఉన్న."

"అవ్ మేడం! ఆ మత్తులనే కొట్టిండు!" అని అరిచాడు విజయేందర్.

మేజిస్ట్రేటు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గారు. తర్వాత బోనెక్కినవాణ్ణీ, ఎక్కించినవాణ్ణీ, ఆలస్యంగా వచ్చినవాణ్ణీ చెడామడా చీవాట్లు పెట్టారు. ఒకరి పేరు పిలిస్తే ఇంకొకరు పలకడం ఎంత పెద్ద నేరమో చెబుతుంటే ప్రభుదాస్ "అవ్ మేడం, అవ్ మేడం" అంటూనే ఉన్నాడు. తప్పు కానిస్టేబుల్‌దని తేలడంతో ఆయనను వదిలిపెట్టారు. ఫిర్యాదుదారు అన్న మాటలు మాత్రం రికార్డులోంచి ఒక్కటి కూడా కొట్టేయనివ్వలేదు. ఏసురత్నానికి కాపీలు ముట్టాయి, కేసు పెద్ద కోర్టుకు వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ప్రభుదాస్‌కు అన్నం పెట్టలేదు. "నువ్వు బోనెందుకెక్కినవ్?" అని ప్రేమమణి, "నేను రెండు నిమిషాలల్ల వస్తుంటి కద బావా?" అని ఏసురత్నం చెరో పక్కనా నిలబడి నిలదీశారు. ఆయన తన మెతకతనం వల్ల బామ్మర్ది జైలుపాలవుతాడని రోజుల తరబడి నిద్ర లేకుండా గడిపాడు.

పెద్ద కోర్టులో కథ అడ్డం తిరిగింది. అభియోగాలు ఖరారు చేసే ముందు రజిత లేచి, ఆపరేషన్ బల్ల మీద మత్తులో పడుకున్న మనిషి పెళ్ళికి వచ్చి లెగ్ పీసు పేరు చెప్పి కొట్టాడని ఫిర్యాదుదారు కోర్టులోనే చెప్పిన సంగతి వినిపించింది. చీకట్లో చూసిన సాక్షి ఇంకెవరూ లేరు. విచారణ దాకా వెళ్ళడానికి ఈ కేసులో ఏమీ మిగల్లేదని జడ్జి ఏసురత్నాన్ని విడుదల చేశారు.

అతడు కన్నీళ్ళతో బయటికి పరుగెత్తాడు. ప్రభుదాస్ ఆ రోజు గేటు లోపలికి అడుగు పెట్టనని మొండికేసి, రోడ్డవతల చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. "బావా! ప్రభుదాస్ బావా! నీ వల్లనే బతికిన!" అని రోడ్డు మారుమోగేలా కేకలేస్తూ వస్తున్నాడు ఏసురత్నం. పక్కన చాయ్ తాగుతున్న ట్రాఫిక్ పోలీసు అటూ ఇటూ చూసి, "ఎవలన్నా ఈడ ప్రభుదాస్?" అన్నాడు.

ప్రభుదాస్ కప్పులోంచి తలెత్తకుండా చెప్పాడు. "ఆయన ఇయ్యాల రాలే సార్."