తెమాతా మాస్టారి బండికి కొత్త రంగు

ఒక సమావేశంలో ఏం జరిగిందన్నదాని కంటే ఎవరు ఏ వరుసలో హాజరయ్యారన్నదే ముఖ్యమని నాగరిక ప్రపంచం ఏనాడో అంగీకరించింది. కనుక ముందుగా ఆ వివరం. పసిఫిక్ సముద్రంలోని రారోటోంగా దీవి దక్షిణపు ఒడ్డున, చర్చి పక్కనున్న రేకుల పంచలో జరిగిన గ్రామ రహదారి మర్యాదల సంఘం అత్యవసర సమావేశానికి మొదట విచ్చేసినవారు అధ్యక్షులు టీరీ పెద్దగారు (కుర్చీ ఆయన సొంతమే, ఇంటి నుంచి మోసుకొస్తారు). రెండవవారు కార్యదర్శిని మెరేని. మూడవవాడు బండ్లకు రంగులు వేసే టోకా, గోళ్ల సందుల్లో పసుపుపచ్చని సాక్ష్యంతో సహా. నాలుగవవారు ఫిర్యాదుదారు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు తెమాతా మాస్టారు. ఆయన వెనుకనే, ఆయనను తరుముతూ, ఊరి కుక్క ఒకటి. అందరికంటే చివర రూటా అమ్మగారు, కొబ్బరిపాలలో నానిన పచ్చిచేప ముక్కల గిన్నెతో (తిండి లేని సమావేశం తీర్మానాలు మా దీవిలో చెల్లవు).

చర్చనీయాంశం ఒక్కటే. మోటారుసైకిలుకు కేవలం అందం కోసం రంగు వేయించుకొనుట, పెట్టిన ఖర్చుకు తగిన పనియేనా?

దీవికి ఉన్న పెద్ద రోడ్డు ఒక్కటే. అది దీవి చుట్టూ తిరిగి మొదలైన చోటికే వస్తుంది (ప్రభుత్వ పథకాలకు అదే ఆదర్శం). ఆ రోడ్డు మీద ఎదురైన మనిషిని పలకరించకుండా పోవడం ఇక్కడ దొంగతనం కంటే ఒక మెట్టు పై నేరం. అయితే ఎండ, ఎదురుగాలి, నల్ల కళ్లద్దాల నడుమ ముఖం నమ్మదగిన ఆధారం కాదని పెద్దలు ఎన్నడో తేల్చారు. బండే మనిషి. బండిని చూసి ఊరివారైతే కనుబొమలు ఎత్తాలి. అద్దెబండి మీద తిరిగే పరాయివారైతే చెయ్యి ఊపాలి. కనుబొమలు బంధుత్వానికి, చెయ్యి పర్యాటకానికి. ఈ రెంటినీ కలగాపులగం చేసినవాడికి సంఘం లిఖితపూర్వకమైన విచారం తెలుపుతుంది.

తెమాతా మాస్టారు ఈ నియమావళిని ఊరి పిల్లలకు ముప్పయ్యేళ్లపాటు వల్లె వేయించిన మనిషి. భార్య పోయిన చాలాకాలానికి, రూటా అమ్మగారి వరండా ముందు నుంచి రోజూ బండి మీద వెళ్లడం మొదలుపెట్టారు. ఆ దారిలో ఆయనకు పనేమీ లేదు. గుండ్రటి రోడ్డు గనుక, ఎటు వెళ్లినా అది దారే అని ఆయన వాదన. మొదటి ఏడాది రూటా అమ్మగారు ఒక కనుబొమ ఎత్తారు. రెండవ ఏడాది రెండూ ఎత్తారు. మొన్నటి ఈస్టరునాడు కనుబొమలతోపాటు గడ్డం కూడా కొంచెం పైకి లేచింది. విషయం పక్వానికి వచ్చిందనీ, ఇక నోరు తెరిచి అడగవచ్చుననీ మాస్టారు నిర్ణయించారు.

అడగబోయేవాడు శుభ్రంగా వెళ్లాలి. అక్కడే చిక్కొచ్చింది. ఒకప్పుడు ఉడికిన పీతలా ఎర్రగా ఉండే ఆయన బండి, ఉప్పుగాలికి వెలిసి వెలిసి పచ్చిపీత రంగుకు దిగజారింది. దానికి తోడు ట్యాంకు ఎడమవైపున అరచెయ్యి పట్టేంత సొట్ట. బండిని టోకాకు అప్పగించారు. టోకా ఆయన శిష్యుడే. లెక్కల్లో తప్పాడు గాని రంగుల్లో తప్పడు. వారం తిరిగేసరికి బండి పండిన మామిడిపండులా ధగధగలాడుతూ వచ్చింది. దీవిలో అద్దెబండ్లన్నీ కూడా అదే పసుపుపచ్చ అన్న సంగతి టోకాకు తెలుసు. ఆ డబ్బాలు అద్దెబండ్లవాళ్ల దగ్గర మిగిలినవే.

తొలిరోజే కుక్కలు వెంటపడ్డాయి. మాస్టారి బండి కింద నీడలో పడుకుని పెరిగిన కుక్కలవి. కొబ్బరిబోండాల కొట్టువాడు నవ్వుతూ పరాయివారి ధర చెప్పాడు. ఆయన దగ్గరే అక్షరాలు దిద్దిన ఒక పడవవాడు బండి పక్కనే పరుగెత్తుకొచ్చి, తాబేళ్లను చూపిస్తానన్నాడు. ఇవన్నీ మాస్టారు సహించారు. కాని రూటా అమ్మగారి వరండా ముందుకు వచ్చి, భుజాలు సర్ది, తలెత్తి చూడగానే ఆవిడ చేతిలో కుట్టుపని పక్కన పెట్టి, పళ్లన్నీ కనిపించేలా నవ్వి, చెయ్యి ఊపారు.

చెయ్యి!

ఆగి, 'నేనే' అని ఒక్క మాట చెప్పవచ్చు కదా అని లోకం అడగవచ్చు. పలకరింపును అడిగి తీసుకోవడం నియమావళిలో లేదు. ఆయన రాసిన నియమావళి అది. అందుకే సంఘానికి ఫిర్యాదు చేశారు.

"ఏమయ్యా తెమాతా, నువ్వు నువ్వేనని ఎవరు కాదన్నారిక్కడ?" అన్నారు టీరీ పెద్దగారు, చేపముక్క నోట్లో వేసుకుంటూ.

"నిన్న మార్కెట్టు దగ్గర మీరే నాకు చెయ్యి ఊపారు."

"నీకెక్కడ ఊపాను? బండికి ఊపాను. దాని మీద నువ్వున్నావని నాకేం కల వచ్చిందా!"

టోకా లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, పని గురించి మాట్లాడండి. తుప్పంతా గీకేశాను. మూడు పూతలు పూశాను. సొట్ట నింపి అద్దంలా చేశాను. ఆ ట్యాంకులో మొహం చూసుకోవచ్చు."

"చూసుకున్నానురా. నన్ను గుర్తుపట్టింది అదొక్కటే."

కార్యదర్శిని మెరేని పరిష్కారమార్గాలు చదివారు. మాస్టారు ప్రతి ఇంటి ముందూ ఆగి పేరు, వంశం చెప్పి ముందుకు సాగవచ్చును. లేదా ఆదివారం పాటలయ్యాక చర్చిలో ప్రకటన ఇప్పించవచ్చును. లేదా మెడలో 'స్థానికుడు' అనే పలక తగిలించుకోవచ్చును (పర్యాటకులు ఆగి ఫొటో తీసుకోగోరితే ఎవరు బాధ్యులన్నది ఉపసంఘం తేలుస్తుంది). కుక్కలకు విడిగా నచ్చజెప్పాలని కూడా ఒక సవరణ వచ్చింది. సభలో ఉన్న కుక్క ఆవులించింది. అది తటస్థంగా ఉన్నట్టు నమోదైంది.

"పాత రంగే మళ్లీ వేసెయ్యమంటే పోలా?" అన్నారు అధ్యక్షులు.

"వెలిసిపోయిన రంగు డబ్బాల్లో రాదు పెద్దయ్యా," అన్నాడు టోకా. "దానికి ఇరవయ్యేళ్ల ఎండ కావాలి."

మాస్టారికి డెబ్భై దాటాయి.

అంతవరకు పళ్లేలు అందిస్తున్న రూటా అమ్మగారు గరిటె కింద పెట్టారు. "నాదొక ప్రశ్న. ఆ సొట్ట ఎవరు తియ్యమన్నారు?"

"నేనే తియ్యమన్నాను. బాగుండదని," అన్నారు మాస్టారు.

"బాగుండదా? మూడేళ్ల కిందట మా ఇంటి ముందు ఆగి, దారి తెలిసినవాళ్లే దారి అడిగినట్టు ఏదో అడిగారు. గుర్తుందా? అప్పుడు మా కొబ్బరిచెట్టు కాయ రాలి పడింది ఆ ట్యాంకు మీద. బాగు చేయిస్తానన్నాను. 'వద్దండీ, ఉండనివ్వండి' అన్నారు. మూడేళ్లు ఉండనిచ్చారు. ఎవరు నవ్వినా ఉండనిచ్చారు. ఓహో, ఈ మనిషి నా గుర్తొకటి పట్టుకు తిరుగుతున్నాడని నేను అనుకుంటూ ఉన్నాను."

పంచలో నమలడం ఆగింది.

"అయితే మీరు..." మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మీరు చెయ్యి ఊపింది నన్ను పోల్చుకోలేక కాదన్నమాట."

"పోల్చుకోకపోవడమేంటండీ? అద్దెబండి మీద చొక్కా గుండీ మెడదాకా పెట్టుకునేవాడు ఈ దీవిలో ఇంకొకడున్నాడా? మలుపు తిరుగుతుండగానే పోల్చాను. సొట్ట తీయించుకున్న మనిషి నాకు పరాయివాడే. పరాయివాళ్లకి చెయ్యే కదా ఊపాలి? మీరు రాసిందేగా!"

మాస్టారు మనసులోనే నియమావళి పుటలన్నీ తిరగేశారు.

"మరి అడగొచ్చిందేదో అడక్కుండా, రంగు వేయించుకు ఊరేగడమేంటి?" అన్నారామె.

"శుభ్రంగా వచ్చి అడుగుదామని."

"ఏమడుగుదామని?"

మాస్టారు లేచి నిలబడ్డారు. ముప్పయ్యేళ్లు తరగతి గదులను ఒక్క గొంతుతో నిలబెట్టిన మనిషికి మాట రాలేదు. రెండు కనుబొమలూ, ఆపైన గడ్డమూ మెల్లగా పైకి లేచాయి. అంతే.

రూటా అమ్మగారు, సభ్యులు తాగడానికి పెట్టిన బోండాలలో గట్టిదొకటి ఏరి తీసుకుని, ఎండలో మెరుస్తున్న బండి దగ్గరకు నడిచి, ఎడమవైపు చూసుకుని, రెండు చేతులతో ఎత్తి ట్యాంకు మీద ఒక్కటి వేశారు. టోకా కళ్లు మూసుకున్నాడు. కుక్క లేచి వెళ్లి ఆ బండి చక్రం వాసన చూసి, దాని నీడలో పడుకుంది.

ఆవిడ వెనక్కి తిరిగి, మాస్టారి వైపు రెండు కనుబొమలూ ఎత్తారు.

కార్యదర్శిని నమోదు చేసిన తీర్మానం ఇది: బండికి అందం కోసం రంగు వేయించుట ఖర్చుకు తగినదా కాదా అన్న విషయమై సంఘం ఏ నిర్ణయానికీ రాలేకపోయినది. ఆ సమస్యను రుసుము గాని, ఉపసంఘం గాని లేకుండా ఒక్క దెబ్బతో పరిష్కరించిన రూటా అమ్మగారికి, వారు కొత్త రంగు వేసిన బండికి కలిగించిన నష్టమునకు గాను, సంఘం హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నది. బండి యజమాని బలపరిచారు.