తెరమీది గొర్రె

ఆ శనివారం ఉదయం గుర్వమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది: మందలోంచి ఒక్క గొర్రెను తోలుకుపోయి, దానిని చూస్తూ బొమ్మ గీయడం. భువనగిరిలో పంతులమ్మ ప్రమీలమ్మ తన ఇంటి అరుగు మీద ఆరుగురు ఆడవాళ్లకు బొమ్మలు వేయడం నేర్పుతోంది. బడి నాటకానికి అందరూ కలిసి ఒకే తెర వేస్తున్నారు. ఒక్కొక్కరికి మూరెడు జాగా. గుర్వమ్మ వేసిన గొర్రెను మూడు వారాలుగా చూసినవారంతా నులకమంచమనే అన్నారు. పుట్టినింటా మెట్టినింటా గొర్రెల నడుమనే బతికిన మనిషికి అంతకు మించిన అవమానం లేదు.

పైగా ఆనాడే గడువు. బయటివారెవరైనా చూసి అది గొర్రె అని చెప్పకపోతే, ఆ జాగాలోకి పక్కనున్న గోపమ్మ మల్లెతీగ పాకుతుంది.

"నా తీగెకు పందిరి లేదొదినె. నీ మంచం పనికొస్తది," అంది గోపమ్మ ఆకుపచ్చ రంగు కలుపుతూ.

గుర్వమ్మ గొర్రెను స్తంభానికి కట్టి ఎదురుగా కూర్చుంది. "తెలిసింది గీయొద్దు, కనబడేదే గీయాలె," అని పంతులమ్మ రోజూ చెప్పే మాటను ఆనాడు తొలిసారి పాటించింది. ముట్టె కుదిరింది. కంటి చుట్టూ నల్లమచ్చ కుదిరింది. చెవి దగ్గర కుంచె ఆగిపోయింది. వాళ్ల మందలో ఆనవాలుగా ప్రతి గొర్రెకూ కుడిచెవి కొస కోస్తారు. దీనికి ఎడమచెవి కోసి ఉంది. నాలుగు రోజులు మేత వేసినా కంటబడని సంగతి, బొమ్మ గీస్తే గాని కనిపించలేదు.

అంటే, తప్పిపోయిందని, ఎడమచెవి కోసే పక్కమంద కాపరి అంజయ్య ఊరంతా వెతుకుతున్న గొర్రె ఇదే. తమ మందలో కలవలేదని ఆమె పెనిమిటి ఐలేశం నలుగురిలో ఒట్టేసిన గొర్రె కూడా ఇదే.

ఆమె బొమ్మలో ఆ చెవిని నిండుగా దిద్దబోతుంటే ప్రమీలమ్మ చేయి పట్టుకుంది. "ఉన్నదాన్ని లేదనకు గుర్వమ్మా. ఇంత బాగొస్తున్నది, కొయ్యి ఆ చెవి."

గుర్వమ్మ నిట్టూర్చి కోసింది.

మందకు దూరమైన గొర్రె బెంగతో గట్టిగా అరిచింది. ఆ అరుపుకు బజారులో ఉన్న ఐలేశం పరుగెత్తుకొచ్చాడు. "ఏమే, గీదాన్ని బజార్ల పెట్టినవేందే!" అంటూ కట్టు విప్పి గొర్రెను ఆ ఇంటి పెరట్లోకి తోలాడు. అతడు తిరిగొచ్చేసరికి, అదే అరుపు విన్న అంజయ్య అరుగెక్కాడు.

"నా గొర్రె గొంతు ఇనొచ్చింది! లేదంటవా, పా, ఠాణాల అమీను కాడికే పోదాం!"

ప్రమీలమ్మకు ఈ తగవు తెలియదు. తనకు కావలసిన బయటి మనిషి దొరికాడు, అంతే. "ముందు ఇదేందో చెప్పు పెద్దాయనా," అని తెర చూపింది.

గోపమ్మ కుంచె ఎత్తింది.

"మంచం! నులకమంచం!" అని ఐలేశం కేకవేశాడు.

గుర్వమ్మ అంజయ్య నోటివైపే చూసింది. గొర్రె అంటే మగని పరువు పోతుంది. మంచమంటే తన బొమ్మ పోతుంది.

అంజయ్య తెరకు ముక్కు ఆనించి చూశాడు. "మంచమేందిరా, నీ కండ్లు మండ! గిది నా నల్లకన్ను గొర్రె. ఎడమచెవ్వు కోత సూడు!"

ప్రమీలమ్మ చప్పట్లు కొట్టింది. గోపమ్మ కుంచె దించింది. ఐలేశం దిక్కుతోచక భార్యవైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పవేందే, మంచమని!"

"గొర్రెనే," అంది గుర్వమ్మ, సంతోషం దాచుకోలేక. "పెరట్ల ఉన్నది, తోలుకపో అంజయ్య మామా."

మరుసటి శనివారం ఆమె ఊరి మీది కోటగుట్టను గీసింది. దానిని నాదని అనగలిగినవాడు ఒక్క నిజాం ప్రభువే; ఆయన మాత్రం ఆ అరుగు దాకా రాలేదు.