పెంకుల సందుల్లోంచి పొగ

ఆ పొద్దున యామిని పెట్టుకున్న పని చిన్నదే, సామాన్లకి ఫొటోలు తీయించడం. కోతలయ్యాక వెనక చేలో మిగిలిన గడ్డికి నిప్పు పెడతారు. నిరుడు ఆ రవ్వలు వీళ్ళ కొబ్బరికమ్మల దడి దాకా ఎగిరొచ్చాయి. మొగుడు కువైట్‌లో, ఒళ్ళో చంటాడు. ఇల్లంటుకుంటే తనకి ఎవరొస్తారని ఆమె బెంగ. అందుకే కొత్తపేట నుంచి ఇన్సూరెన్స్ ఏజెంటు నాగదుర్గాప్రసాద్‌ని రమ్మంది.

"సామాన్లన్నీ ఫొటోలో స్పష్టంగా కనపడాలండి. లేకపోతే పాలసీ రాదు" అన్నాడతను ఫోన్లో.

పెంకుటింట్లో పట్టపగలే చీకటి. ఇంకేం, మంచం, మిక్సీ, టీవీ, బీరువాలో చీరలు, అన్నీ వాకిట్లోకి మోసేసింది.

లోపల అత్తగారు సూర్యకుమారి మనవడికి తలంటి, గాలి తగలకుండా తలుపులు బిగించి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి బుట్ట బోర్లించింది. ఆవిడ చెయ్యి ధారాళం. పొగ దారి వెతుక్కుని పెంకుల సందుల్లోంచి పైకి లేచింది.

పక్కింటి గంగాదేవి దడి మీంచి చూసింది. సరిహద్దులో రాలిన కొబ్బరికాయలు ఎవరివన్న గొడవతో దసరా నుంచి ఆ రెండిళ్ళకీ మాటల్లేవు. కప్పు మీద పొగ, వాకిట్లో సామాన్లు కనపడేసరికి ఆవిడకి కొబ్బరికాయలు గుర్తురాలేదు.

"ఒరే బాబ్జీ! యామినీ వాళ్ళ ఇల్లంటుకుందిరా! గొట్టం ఇటు తిప్పు!"

తోటకి మోటారుతో నీళ్ళు పెడుతున్న ఆవిడ కొడుకు బాబ్జీ తిప్పేశాడు. వీధి వీధంతా బిందెలతో వచ్చిపడింది.

"సాంబ్రాణండీ బాబూ!" అని యామిని అరిచింది. మోటారు హోరులో ఎవరికి వినపడాలి? టీవీ తడిసిపోతోందని ఎత్తుకుని ఇంట్లోకి పరిగెత్తింది.

"అయ్యయ్యో, మతిపోయి మంటల్లోకి పోతోంది, పట్టుకోండర్రా!"

పట్టుకున్నారు. ఈలోగా గంగాదేవి తడిగోనె కప్పుకుని లోపలికి దూకి, ఒక చేత్తో చంటాణ్ణీ, ఇంకో చేత్తో సూర్యకుమారినీ లాక్కొచ్చింది.

"వదలవే గంగా, పిల్లాడికి తలారలేదు!"

"ప్రాణాలు పోతుంటే తలేంటండీ వదినగారూ!"

దసరా తర్వాత వాళ్ళాడుకున్న మొదటి మాటలివే.

మోటారు ఆగాక యామిని ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. అందరూ నేల చూపులు చూశారు. అప్పటికే ఒకావిడ బియ్యం, ఒకావిడ ఉతికిన చీర పట్టుకొచ్చి నిలబడ్డారు. "తెచ్చేక వెనక్కి పట్టికెళ్తామా ఏంటి, ఉంచమ్మా" అన్నారు.

ఈ గొడవ మధ్యలో వచ్చిన నాగదుర్గాప్రసాద్ గుమ్మం ముందు చొక్కా పిండుకుంటున్నాడు. బాబ్జీ గొట్టం అతణ్ణీ వదల్లేదు.

"పాలసీ ఇక రాదాండీ?" అంది యామిని బిక్కమొహంతో.

"ఎందుకు రాదండి? దగ్గర్లో నిప్పార్పే దిక్కుందో లేదో చూడ్డం కూడా మా పనే. ఇలాంటి దిక్కు నేనెక్కడా చూళ్ళేదమ్మా. కాకపోతే తడిసిన టీవీ మాత్రం దీంట్లోకి రాదు."

"ఆయ్, ఎండలో పెడదాం లెండి" అన్నాడు బాబ్జీ.

యామిని కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది. ఇల్లంతా చెరువు. ఊరు ఊరంతా కలిసి ఆర్పినా, మూలగదిలో బుట్ట కింద సాంబ్రాణి మాత్రం నింపాదిగా పొగలొదులుతూనే ఉంది.