సున్నా సవరణ

ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, విశాఖపట్నంలోని ఒక పరిశోధనా కేంద్రంలో సీనియర్ ఇంజనీరుగా పనిచేస్తున్న డాక్టర్ గంటి సువర్చల పరికరంగా మారిపోయింది. మధ్యాహ్న భోజనానికి ముందే ఆమె పేరును సిబ్బంది రిజిస్టరులో కొట్టేసి స్టాకు రిజిస్టరులో ఎక్కించారు.

ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. మనిషి చెమటను బట్టి గుండె అలసటను ముందే పసిగట్టే బయోసెన్సర్ కోసం ఆమె ఇరవై ఏడేళ్లుగా పాటుపడుతోంది. తయారుచేసిన ప్రతి కొత్త పూతనూ మొదట తన ఎడమ అరచేతికే రాసుకునేది. వేరేవాళ్ల చేతికి రాయాలంటే నైతిక సంఘం అనుమతి కావాలి. ఆ సంఘానికి సభ్యులను వేయడం పదమూడేళ్లుగా వాయిదా పడుతోంది. ఆ మంగళవారం అటెండరు అప్పలనరసమ్మ టీ గ్లాసు అందిస్తూ ఉంటే ఇద్దరి వేళ్లూ తగిలాయి. సువర్చల అరచేతిలో, చర్మం కింద, ఆకుపచ్చగా 44 అనే అంకె వెలిగింది.

"అమ్మా, సెయ్యి ఎలుగుతోందేటి?" అంది అప్పలనరసమ్మ.

"నీ గుండె బాగుందని. యాభై లోపు ఉంటే భయం లేదు. డెబ్బై దాటితే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాలి," అంది సువర్చల, టీ చల్లారిపోతుందని తాగేస్తూ.

స్టోర్సు అధికారి కూర్మారావు కబురు తెలియగానే టేపు పట్టుకుని వచ్చాడు. ఆయన మంచివాడే, కానీ రూలు పుస్తకం ముందు తన సొంత మంచితనాన్ని కూడా నమ్మడు. కేంద్రం ఆవరణలో ముట్టుకుంటే అంకె చూపించేది ఏదైనా పరికరమేనని రూలు చదివి వినిపించాడు. ఎత్తు, వెడల్పు కొలిచి రాసుకున్నాడు. నంబరు స్టిక్కరు ఎక్కడ అతికించాలో తేలక కాసేపు ఆమె చుట్టూ తిరిగాడు.

"చీర మీద వేస్తే రోజూ ఊడిపోద్ది మేడమ్," అని చివరికి ఆమె చేతిగడియారం పట్టీకి అతికించాడు.

సువర్చలకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. ఆ నెలాఖరుకు ఆమెకు అరవై నిండుతాయి. ఆమె రిటైరైతే మూడో అంతస్తులో ఆమె గదికి తాళం పడుతుంది, సగంలో ఉన్న పని సగంలోనే ఆగిపోతుంది. ఇంకో ఏడాది ఇమ్మని పెట్టుకున్న అర్జీ ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. పరికరాలకు రిటైర్మెంటు లేదు. వాటి వయసు స్టాకులో ఎక్కిన రోజు నుంచి లెక్క. పదేళ్లు ఖాయం, పనిచేస్తూ ఉంటే ఆ పైన కూడా. అమ్మయ్య అనుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్లడానికి తిరిగి తెచ్చే సామానుకిచ్చే గేటు పాసు రాశారు. ఇంట్లో ఆమె భర్త 'మంచి స్థితిలో అందినది' అని సంతకం పెట్టి, అన్నం వడ్డించమన్నాడు.

పరికరం అయ్యాక ఆమె మాటకు విలువ పెరిగింది. డైరెక్టరు సదాశివమూర్తికి మెట్లెక్కితే చెమటలు పడుతున్నాయని, ఒకసారి చూపించుకోమని ఆమె మనిషిగా ఉన్న రోజుల్లో మూడు మీటింగుల్లో చెప్పింది. ఆయన మూడు సార్లూ "ముందు మీ నివేదిక సంగతి చూడండి" అన్నాడు. ఇప్పుడు కొత్త పరికరంతో ఫోటో దిగుతూ చెయ్యి కలిపాడు. 82 వచ్చింది. ఆయన ఫోటో కోసం కూడా ఆగకుండా కారెక్కి ఆసుపత్రికి పోయాడు. గుండెలో రెండు చోట్ల అడ్డంకులు తీసి పంపించారు.

"అంకె కనబడబట్టి బతికాను," అని తిరిగొచ్చాక అందరికీ చెప్పుకున్నాడు. సువర్చల ఆ మాట విని నిజంగా సంతోషించింది. ఎలా విన్నా వింటే చాలు కదా అనుకుంది.

దసరాకి ఆయుధ పూజలో మైక్రోస్కోపుకీ ఫ్రిజ్జుకీ మధ్య ఆమెకు కుర్చీ వేశారు. అప్పలనరసమ్మ అన్నిటికీ పెట్టినట్టే ఆమెకూ గంధం, కుంకుమ పెట్టింది. అయితే ఫ్రిజ్జు దగ్గర అడగని మాట ఆమె దగ్గర మాత్రం అడిగింది.

"టిపినీ తిన్నారా అమ్మా?"

చిక్కు కార్తీకంలో వచ్చింది. ఏటా జరిగే తనిఖీకి బయటి నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఎవరి చెయ్యీ పట్టుకోనప్పుడు పరికరం సున్నా చూపాలి. సువర్చల ఖాళీ చేతిలో 31 వెలుగుతోంది. తుడిచి చూశారు, ఫ్యాను ఆపి చూశారు, గది మార్చి చూశారు. 31 కదల్లేదు.

"సున్నా రాకపోతే పనికిరాని సామాను జాబితాలో రాసేయాలి మేడమ్. వెనక షెడ్డులోకి పోతారు," అన్నాడు కూర్మారావు. ఆ షెడ్డులో తుప్పు పట్టిన బీరువాలు, కాలు విరిగిన స్టూళ్లు తప్ప ఏమీ లేవు. సువర్చల కిటికీలోంచి అటు చూసింది. అంకె 33కి పోయి మళ్లీ వెనక్కి వచ్చింది.

గుమ్మంలో నిలబడిన అప్పలనరసమ్మ ఉండబట్టలేకపోయింది. "అది మిసను తప్పు కాదు బాబూ. ఆ ముప్పై ఒకటీ ఆమెదే. ఆమె గుండెకీ అలుపుంటాది కదా."

"పరికరానికి సొంతంగా ఏమీ ఉండదు," అన్నాడు తనిఖీ ఇంజనీరు, మర్యాదగానే. ఆయన సువర్చల వైపు తిరిగాడు. "చెయ్యి చాపండి. కళ్లు మూసుకోండి. ఇప్పుడు మీలో ఎంత ఉందో అదే సున్నా అనుకోండి. మేం ఏ పరికరానికైనా చేసేది ఇదే."

సువర్చల కళ్లు మూసుకుంది. ఛాతీలో ఎప్పటి నుంచో ఉన్న బరువును ఒకసారి తడిమి చూసుకుంది. ఇదే సున్నా అనుకుంది. కళ్లు తెరిచేసరికి అరచేతిలో 0 వెలుగుతోంది. బరువు ఎక్కడిదక్కడే ఉంది. కూర్మారావు చప్పట్లు కొట్టాడు. ఏడాదికి సరిపడా ధ్రువపత్రం రాసి, ప్లాస్టిక్ తొడుగు వేసి, ఆమె కుర్చీ వెనక గోడకు తగిలించారు.

సున్నా జరిగితే దానితో పాటు అన్నీ జరుగుతాయి. ఆ రోజు నుంచి కేంద్రంలో ప్రతి ఒక్కరి అంకె ముప్పై ఒకటి తగ్గింది. డెబ్బై దాటినవాళ్లు నలభైల్లోకి వచ్చారు. సెలవు చీటీలు తగ్గాయి, క్యాంటీనులో బజ్జీలు మళ్లీ మొదలయ్యాయి. సిబ్బంది ఆరోగ్యం మెరుగుపడిందని డైరెక్టరు నోటీసు బోర్డులో అభినందన పెట్టాడు. అబద్ధమాడినవాళ్లు ఎవరూ లేరు. అందరూ కుదుటపడ్డారు.

మార్గశిరంలో ఒక ఉదయం లిఫ్టు పనిచేయలేదు. అప్పలనరసమ్మ టీ పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడింది. మొహమంతా చెమట. సువర్చల లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నలభై ఏడు," అని తానే చదివి నవ్వింది అప్పలనరసమ్మ. "మునుపటి మీద మూడే ఎక్కువ. పొద్దున్నుంచీ గుండెల మీద రాయెట్టినట్టుంటే బయపడిపోనాను."

"కాదు. ముప్పై ఒకటి కలుపుకోవాలి. డెబ్బై ఎనిమిది అది. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లు."

"ఆ ముప్పై ఒకటీ ఎక్కడిదమ్మా?"

"నాది. నువ్వే చెప్పావు కదా ఆ రోజు."

"మీలో ఏటీ నేదని కాయితం రాసి గోడకి కట్టినారు కదమ్మా. సదువుకున్నోళ్లు రాసినారు. నాదే బుద్ధి తక్కువ," అంది అప్పలనరసమ్మ ప్రేమగా.

సువర్చల వెనక్కి తిరిగి ధ్రువపత్రాన్ని చూసింది. సున్నా తప్పని గట్టిగా అరిస్తే కూర్మారావు వస్తాడు, షెడ్డు తాళం తీస్తాడు. మళ్లీ అరచేతిలోకి చూసింది. 47 ఆకుపచ్చగా, నిలకడగా ఉంది. ఆ అంకెను జనం నమ్మాలనే ఆమె ఇరవై ఏడేళ్లు పనిచేసింది. చూస్తూ చూస్తూ ఉంటే, అంతే అయి ఉంటుందని ఆమెకూ అనిపించింది.

"సరే, మెట్లు మెల్లిగా దిగు," అంది.

"అలాగేనమ్మా. పేణం కుదుటపడింది," అని అప్పలనరసమ్మ టీ బల్ల మీద పెట్టి, నిన్నటి ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లింది.

ఆమె అడుగుల చప్పుడు రెండో అంతస్తు దాకా వినిపించింది. తర్వాత వినిపించలేదు. సువర్చల తన ఖాళీ చేతిని చూసుకుంది. సున్నా ఉంది. అమ్మయ్య అనుకుని టీ తాగింది.