లింగన్న కొడుకు చెవులు

పురుడు తీరిన మరునాడు లింగన్న మంచి హుషారుగా నిద్ర లేచాడు. ఆ రోజుకు అతనికి ఉన్న పని ఒక్కటే. మగ్గం మీద మూరెడు చీర మిగిలి ఉంది. దాన్ని మధ్యాహ్నానికల్లా నేసి దింపితే, ఆదివారం బిడ్డను తొట్లెలో వేసి పేరు పెట్టే వేళకు గంగాదేవి కొత్త చీర కట్టుకుంటుంది. ఊళ్లోవాళ్లందరికీ చీరలు నేసి పెళ్లాన్ని మాత్రం పాత చీరల్లో తిప్పుతున్నాడని తల్లి ఉరుకుందమ్మ దెప్పని రోజు లేదు. ఈ దెబ్బతో ఆ మాట కూడా పోతుంది.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. రాజధాని వచ్చినా ఎమ్మిగనూరులో వాళ్ల వీధికి కొత్తగా ఒరిగింది ఏమీ లేదు. ఏ ఇంట్లోకి తొంగి చూసినా గుంట మగ్గమే. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా వీధంతా టకటకలాడుతూ ఉండేది. ఇంటికీ ఇంటికీ నడుమ ఉన్నది ఒక్క మట్టిగోడే కాబట్టి పక్కింటి మగ్గం కూడా తమ ఇంట్లో ఉన్నట్టే వినిపించేది. గంగాదేవికి తల్లి లేదు. అందుకని కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. బిడ్డ పుట్టి పన్నెండో రోజు. మగ్గం పక్కనే దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పిడికిళ్లు బిగించుకుని నిద్రపోతున్నాడు.

లింగన్న గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, పోగును అటూ ఇటూ మోసే నాడె ఆడించసాగాడు. అప్పుడే ఉరుకుందమ్మ కోడలి స్నానానికి పెద్ద రాగి గంగాళం ఎత్తుకుని వస్తూ గడప దగ్గర కాలు మడత పడి దాన్ని వదిలేసింది. గంగాళం నాపబండల మీద పడి, ఇల్లంతా దొర్లి, రోలుకు కొట్టుకుని, ఇంకో చుట్టు తిరిగి ఆగింది. పిల్లి అటక మీదికి దూకింది. లింగన్న చెయ్యి అదిరి నాడె దారి తప్పింది, పడుగులో నాలుగు పోగులు తెగాయి. ఉయ్యాలలో బిడ్డ మాత్రం మూతి ఒకసారి చప్పరించి, నిద్రపోతూనే ఉన్నాడు.

ఉరుకుందమ్మ మోకాలు రాసుకుంటూ ఉయ్యాలలోకి చూసి మురిసిపోయింది. మనవడు పులి అన్నది. లింగన్నకూ అలాగే తోచింది. తెగిన పోగులు ముడివేసుకుంటూ తనలో తాను నవ్వుకున్నాడు.

ఆ చప్పుడు ఏమిటో కనుక్కుందామని పక్కింటి గురుస్వామి వచ్చాడు. వీధిలో అందరికంటే పెద్ద మీసం ఆయనదే. రెండేళ్ల కిందట చెవిపోటు వస్తే బళ్లారి పోయి డాక్టరుకు చూపించుకుని వచ్చాడు. అప్పటినుంచి చెవులకు సంబంధించిన విషయం ఏదైనా తననే అడగాలని ఆయన నమ్మకం. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు.

"అంత సప్పుడైతే బిడ్డ బెదరలేదా?" అని అడిగాడు.

"రెప్ప కూడా కొట్టలేదు మామా," అన్నాడు లింగన్న గర్వంగా.

గురుస్వామి మీసం నిమురుకుంటూ కాసేపు ఉయ్యాల వైపు చూశాడు. "పన్నెండు దినాల బిడ్డకు ధైర్యం యాడనుంచి వస్తాదప్పా? ఈనికి చెవులు ఇనపడ్తాండాయో లేదో సూసినారా?"

లింగన్న చేతిలో నాడె ఆగిపోయింది.

గురుస్వామి మాట అని ఊరుకునే మనిషి కాదు. ఉయ్యాల పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. దేవుడి గూట్లోంచి గంట తెప్పించి వాయించాడు. పళ్లెం మీద గరిటెతో కొట్టాడు. బిడ్డ నిద్రలోనే ఒకసారి నవ్వాడు. ఆ నవ్వు చూసి లింగన్నకు గుండె ఇంకా బరువెక్కింది.

స్నానం చేసి తడి జుట్టుతో వచ్చిన గంగాదేవి విషయం తెలుసుకుని కొట్టిపారేసింది. తను పక్కన పడుకుంటే చాలు, బిడ్డ కళ్లు మూసుకునే తన వైపు మొహం తిప్పుతాడని, వాడికి ఏ లోపమూ లేదని చెప్పింది.

"అది పాలవాసనకు తల్లీ," అన్నాడు గురుస్వామి. "ముక్కు బాగుండాది. నేను చెప్తాండేది చెవుల మాట."

ఇంతలో బిడ్డ ఆకలై కళ్లు తెరిచాడు. ఇదే అదను అనుకుని గురుస్వామి వాకిట్లోకి పోయి నిలబడి, తన ఎర్ర తువ్వాలు తీసి గాలిలో ఊపాడు. బిడ్డ ఆ వైపే చూడలేదు. పైకప్పు సందులోంచి పడుతున్న వెలుగుకేసి తదేకంగా చూస్తూ ఉండిపోయాడు. గురుస్వామి తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వచ్చి, చూపు కూడా ఆనడం లేదేమోనని మెల్లగా అన్నాడు. మనవడి మీద ఇన్ని లోపాలు మోపడం సహించలేక, రుచైనా తెలుస్తుందని చూపించడానికి ఉరుకుందమ్మ ఆముదం చుక్క ఒకటి వాడి నాలుక మీద వేసింది. బిడ్డ మొహమంతా ముడతలు పెట్టి, నాలుక బయటికి తోసి, వాళ్లందరినీ తిట్టినట్టుగా మూలిగాడు.

"నాలుక బాగుండాది," అన్నాడు గురుస్వామి, తీర్పు చెప్పినట్టు. ఉరుకుందమ్మ ఆయన్ను ఏదో అనబోయి, బాలింత ఇంట్లో మాట తూలడం ఎందుకని బట్టలమూట తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

లింగన్న మళ్లీ గుంటలో కూర్చున్నాడు గానీ చెయ్యి సాగలేదు. బిడ్డ పుట్టిన రోజే అతను చాలా దూరం ఆలోచించి పెట్టుకున్నాడు. కొడుకును ఇదే గుంటలో పక్కన కూర్చోబెట్టుకోవాలి. నాడె సరిగా పోతున్నదీ లేనిదీ చప్పుడు విని చెప్పవచ్చని, రంగు కలిసినదీ లేనిదీ పొద్దుటి వెలుతురులో చూడాలని నేర్పాలి. చెవీ కన్నూ రెండూ లేకపోతే ఇంక ఏమి నేర్పుతాడు? వెనకనుంచి "ఒరే నాయనా" అని పిలిస్తే వాడు తిరిగి చూడడు కదా అన్న తలంపు రాగానే అతనికి కళ్లు నిండాయి. బిడ్డకు చూపూ వినికిడీ ఉంటే నీ పేరే పెట్టి, తలనీలాలు ఇస్తానని ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుని, తుండుగుడ్డ మొహం మీద వేసుకున్నాడు.

మొగుడు అలా కూర్చోవడం చూశాక గంగాదేవికి కూడా నమ్మకం సడలింది. బిడ్డకు పాలిచ్చి, నిద్రపోయాక ఒళ్లోనే పడుకోబెట్టుకుని, ఈగలు వాలకుండా పైట కప్పి, మౌనంగా కన్నీళ్లు పెట్టుకుంది. తాను అనవలసింది అనేశాను గానీ అనకుండా ఉండవలసిందేమో అనుకుంటూ గురుస్వామి గడప దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

సరిగ్గా ఆ సమయానికి వేంపల్లె నుంచి గంగాదేవి పెద్దమ్మ రామసుబ్బమ్మ వచ్చింది. తొట్లె వేడుకకని ముందుగా బయలుదేరి, రాత్రి ఆదోనిలో చుట్టాలింట్లో ఆగి, పొద్దుటి బస్సుకు దిగింది. వేంపల్లెలో రామసుబ్బమ్మ శోకానికి పెద్ద పేరు. చావింట్లో ఆమె గొంతు ఎత్తితే పోయినవాళ్ల శత్రువులు కూడా కళ్లు ఒత్తుకునేవారు. ఆమె వాకిట్లో నిలబడి లోపలికి చూసింది. మగ్గం ఆగి ఉంది. అల్లుడి మొహం మీద తుండుగుడ్డ ఉంది. కూతురి ఒళ్లో గుడ్డ కప్పిన బిడ్డ కదలకుండా ఉన్నాడు. గడప దగ్గర ఒక పెద్దమనిషి తల వంచుకుని ఉన్నాడు. ఇక అడగడానికి ఏమీ లేదనుకుంది. చేతిలో బెల్లపు లడ్ల బుట్ట కింద పెట్టి, గడప మీద కూలబడి గొంతెత్తింది.

"తల్లీ... ఎంత పనాయెనే నా తల్లీ... ఇంటి దీపం మలిగిపాయెనే..."

పెద్దమ్మా అట్లాంటిదేమీ లేదని గంగాదేవి అన్నది. అత్తా అని లింగన్న అరిచాడు. గురుస్వామి రెండు చేతులూ ఊపాడు. ఆ చేతులు చూసి రామసుబ్బమ్మ ఆయన తనతోపాటు ఏడుస్తున్నాడనుకుని ఇంకో మెట్టు పైకి ఎత్తుకుంది.

శోకం వినపడితే మగ్గం నడపడం ఆ వీధిలో ఆచారం కాదు. మొదట ఎదురింటి మగ్గం ఆగింది. తరవాత దాని పక్కది, దాని పక్కది. అలా ఆగుతూ ఆగుతూ వీధి చివరిదాకా చప్పుడు చచ్చిపోయింది. "తల్లీ" అన్న మాట ఒక్కటే అందరికీ స్పష్టంగా వినిపించింది. లింగన్న తల్లి పోయిందని వీధి మొత్తం ఒక్క నిమిషంలో నిర్ధారణకు వచ్చింది. వీధిలో ఎవరు పోయినా పాడె కట్టే గిడ్డయ్య ఎవరూ చెప్పకముందే వెదురు బొంగులకు పరుగెత్తాడు. కోడిపుంజు విషయంలో తగాదా పడి ఉరుకుందమ్మతో నెలరోజులుగా మాటలు లేని సోమక్క అందరికంటే ముందు వచ్చింది. అంత మంచి మనిషి ఇక పుట్టదని, నోరు తెరిచి అడిగితే లేదన్నది ఎరగదని, ఆ పుంజు కూడా న్యాయంగా ఆమెదేనని చెప్పి ఏడ్చింది.

ఉరుకుందమ్మ పిండిన బట్టలు భుజాన వేసుకుని పెరట్లోంచి చుట్టూ తిరిగి వచ్చి జనం వెనక నిలబడింది. సోమక్క చెప్పేదంతా శ్రద్ధగా విన్నది. పుంజు మాట దగ్గర తల ఊపింది. తరవాత పక్కనున్న ఆడమనిషిని, పోయింది ఎవరని అడిగింది. ఆమె కళ్లు తుడుచుకుంటూ ఇటు తిరగకుండానే "ఉరుకుందమ్మక్క" అన్నది. అని, ఇటు తిరిగింది.

"నేను యాడికీ పోలా," అన్నది ఉరుకుందమ్మ. "బట్టలు ఉతుకుతాంటి."

జనం నోళ్లు పడిపోయాయి. రామసుబ్బమ్మ కూడా ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఆగినచోటే ఉండిపోయింది. ఒక్క మగ్గం ఆడడం లేదు, ఒక్క మనిషి మాట్లాడడం లేదు. పనిరోజున ఆ వీధిలో పట్టపగలు అంతటి నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

గంగాళానికి బెదరని బిడ్డ, గంటకూ పళ్లానికీ లేవని బిడ్డ, రామసుబ్బమ్మ శోకంలో హాయిగా నిద్రపోయిన బిడ్డ ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడ్డాడు. రెండు చేతులూ బారజాపి, కళ్లు పెద్దవి చేసి, మొహం కందగడ్డలా చేసుకుని ఏడుపు లంకించుకున్నాడు. బతికే ఉన్నాడని రామసుబ్బమ్మ ఇంకో ఏడుపు ఏడ్చి బిడ్డను ఎత్తుకుంది. వాడు ఊరుకోలేదు. నానమ్మ ఎత్తుకుంది. సోమక్క ఎత్తుకుంది. జోల పాడారు, దిష్టి తీశారు. వాడి గొంతు పెరిగిందే గానీ తగ్గలేదు. తల్లి దగ్గరికి తీసుకుంటే కాసేపు వెక్కి, మళ్లీ అందుకున్నాడు.

ఆ ఏడుపు భరించలేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లింగన్న గుంటలో దిగి నాడె లాగాడు. టక్కున బిడ్డ ఏడుపు ఆపాడు. లింగన్న ఆశ్చర్యపోయి చెయ్యి ఆపాడు. బిడ్డ మొదలుపెట్టాడు. నాడె ఆడించాడు. బిడ్డ ఊరుకున్నాడు. గుమిగూడిన వాళ్లంతా ఒకసారి మగ్గం వైపూ ఒకసారి బిడ్డ వైపూ చూశారు.

"నొప్పులు వచ్చేదాకా ఈ మగ్గం పక్కనే కూచోని నూలు కండెలు చుడ్తాంటి గదా," అన్నది గంగాదేవి.  "కడుపులో ఉన్నప్పట్నించీ ఇంటాండాడు. ఈనికి ఇదే జోల."

లింగన్న నాడె ఆపకుండా నేస్తూనే, భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

చెవుల సంగతి తేలిపోయాక గురుస్వామి, కళ్ల సంగతి ఇంకా ఉందని గుర్తు చేశాడు. గంగాదేవి నవ్వింది. చేతి వంపులో ఉన్నంత దగ్గరికి వస్తే బిడ్డ తన బొట్టు కేసి కళ్లు తిప్పకుండా చూస్తాడని, వాకిట్లో నిలబడి తువ్వాలు ఊపితే వాడికి ఏం కనపడుతుందని అడిగింది. అది కూడా పరీక్షించి చూద్దామని గురుస్వామి ఒంగి బిడ్డ మీదికి మొహం పెట్టాడు. అంత నల్లటి మీసం అంత దగ్గరగా కనపడేసరికి బిడ్డ కళ్లు విప్పారాయి. వాడు దాన్ని ఈ కొననుంచి ఆ కొనదాకా నింపాదిగా చూశాడు. ఊగిన చేతికి మీసం తగిలింది. పిడికిలి బిగుసుకుంది. అలాగే పట్టుకుని, మగ్గం చప్పుడుకు కళ్లు వాల్చి నిద్రపోయాడు.

పిడికిలి విప్పబోతే ఉరుకుందమ్మ ఒప్పుకోలేదు. ఇంత గొడవ తరవాత బిడ్డకు పట్టిన నిద్రను చెడగొట్టడానికి వీల్లేదన్నది. ఎవరో గురుస్వామి కిందికి పీట తోశారు. ఆయన మెడ వంచి, మీసం అప్పగించి కూర్చున్నాడు. కాసేపటికి కింది నుంచి ఆయన గొంతు వినిపించింది.

"పట్టు బాగుండాది."

గిడ్డయ్య బొంగులు మోసుకుని వచ్చేసరికి జనం బెల్లపు లడ్లు తింటున్నారు. తెచ్చినవి వెనక్కి పంపడం ఎందుకని ఉరుకుందమ్మ వాటిని ఆదివారం పందిరికి దించిపెట్టించింది. సోమక్కతో మాటలు కలిశాయి. పుంజు కూడా వచ్చేసింది. ఆదివారం గంగాదేవి కొత్త చీర కట్టుకుంది, బిడ్డకు ఈరన్న అని పేరు పెట్టారు, రామసుబ్బమ్మ లాలి పాడింది. ఎంత జాగ్రత్తగా పాడినా నలుగురైదుగురు కళ్లు తుడుచుకున్నారు.

ఆ తరవాత వచ్చిన అమావాస్యకు ఎప్పటిలాగే వీధిలో నేతపని మానేశారు, అందరూ కాళ్లు చాపుకుని పడుకున్నారు. లింగన్న మాత్రం పడుగూ పేకా లేని ఉత్త మగ్గం మీద నాడె ఆడిస్తూ పొద్దు గూకేదాకా గుంటలోనే కూర్చున్నాడు.