పేరంటానికి అంకశ్రేఢి

ఆ దసరా శుక్రవారం సుభద్ర పేరంటం పెట్టుకుంది. అరబ్బు దేశంలో ఈ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీకి కాపురానికొచ్చి రెండేళ్లయినా ఆమె గుమ్మం తొక్కిన ముత్తైదువ లేదు. అందుకే సంజనకీ, ప్రేమకీ ఫోన్ చేసి, తలా ఇద్దరిని పిలవమనీ, ఆ వచ్చేవాళ్ళనీ తలా ఇద్దరిని పిలవమనీ చెప్పింది.

"ఏమండీ, ఎంతమందికి వండను?" అని పొద్దున్నే భర్తని అడిగింది.

రామ్మోహనరావు అప్పుడు కూతురు అలేఖ్యకి లెక్కలు చెబుతున్నాడు. సోమవారం దాని పరీక్ష.

"చూసి నేర్చుకో. కూడుతూ పోతే అంకశ్రేఢి, గుణిస్తూ పోతే గుణశ్రేఢి. ముందు ఇద్దరు, తర్వాత నలుగురు. అంటే రెండేసి పెరుగుతోంది. ఆ తర్వాత ఆరుగురు. అంకశ్రేఢి! మొత్తం పన్నెండుమంది, ఖలాస్."

"నలుగురూ తలా ఇద్దరిని పిలిస్తే ఎనిమిది కదా నాన్నా?"

"పెద్దవాళ్ళు లెక్క చెబుతుంటే మధ్యలో దూరకు."

పదింటికి సంజన ఫోన్ చేసింది. "అక్కా, పక్కనే ముసఫాలో ఉన్న మనవాళ్ళంతా వస్తున్నారు!" కాసేపటికి దుబాయ్ నుంచి ఎవరో దారి అడిగారు. ఆ వెనకే, దుబాయ్ కన్నా దూరాన ఉన్న ఖోర్ ఫక్కాన్ వాళ్ళు వ్యాన్ మాట్లాడుకున్నారని తెలిసింది.

"మీ లెక్క తగలెయ్య! ఇంటికొచ్చిన ముత్తైదువని ఊరికే పంపిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోనండీ?" అని సుభద్ర గోల పెట్టింది. జుమ్మా నమాజుకి కొట్లు మూసేలోగా రామ్మోహనరావు పరుగెత్తి బియ్యం బస్తా తెచ్చాడు. పులిహోర కలిపీ కలిపీ ఇద్దరికీ చేతులు పడిపోయాయి.

అయినా ఫోన్లు ఆగవే! కొంతమంది తగ్గితే చాలనుకుని, ఆయన పెరట్లోకి వెళ్ళి సంజనకీ, ప్రేమకీ గుట్టుగా ఫోన్ చేసి చెప్పాడు. "సుభద్రకి జ్వరమమ్మా. మీరు పిలిచిన ఇద్దరినీ రావద్దనండి."

సాయంత్రం సుభద్ర పట్టుచీర కట్టుకుని, కుంకుమభరిణె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది. పిట్ట కూడా రాలేదు. ఆమెకి ఏడుపు ముంచుకొస్తుంటే సంజన ఫోన్ మోగింది.

"అక్కా, జ్వరం తగ్గిందా? బావగారు చెప్పగానే ఒకరికొకరం చెప్పుకుని అందరం ఆగిపోయాంలే. ఖోర్ ఫక్కాన్ వాళ్ళ వ్యాను కూడా సగం దారిలో తిరిగెళ్ళిపోయింది. నువ్వేం దిగులు పడకు."

సుభద్ర ఫోన్ పెట్టేసి భర్తని పీటమీద కూర్చోబెట్టింది. నుదుట ఇంత కుంకుమ పెట్టింది. ముందు పెద్ద పళ్ళెం పెట్టింది.

"నా పేరంటానికి ముత్తైదువ మీరొక్కరే. తినండి."

శనివారం పులిహోర. ఆదివారం పులిహోర. సోమవారం ఆఫీసు డబ్బాలోనూ అదే.

"నాన్నా, రోజూ ఒకే పళ్ళెం. సున్నా కూడినా అంతే, ఒకటితో గుణించినా అంతే. అయితే ఇది రెండు శ్రేఢులూ అవుతుందిగా?" అంది అలేఖ్య.

నోటినిండా పులిహోర ఉండబట్టి రామ్మోహనరావు మొదటిసారి లెక్కలో తప్పు చెప్పలేదు.